రెండో సరివయసు

జొన్న తనకంటే పెద్దదైపోయిన రోజు నీరజకు బాగా గుర్తుంది. ఆ రోజుకు నీరజకు యాభై ఏళ్ళ నాలుగు నెలలు. జొన్నకు మూడేళ్ళ నాలుగు నెలలు.

మదనపల్లె దాటాక, కొండల కింద ఉన్న పశువైద్య పరిశోధన కేంద్రంలో, కుక్కల విభాగం గోడకు ఒక పటం వేలాడేది. కుక్క వయసు మనిషి లెక్కలో ఎంతవుతుందో చూపించే గీత ఒకటి దాని మీద ఉంటుంది. ఏడుతో హెచ్చవేస్తే సరిపోతుందని జనం అనుకుంటారు గాని, ఆ గీత అలా నడవదు. మొదటి ఏడాది నిట్టనిలువుగా లేస్తుంది. పన్నెండు నెలలు తిరిగేసరికి కుక్కపిల్ల ముప్ఫై ఏళ్ళ మనిషి అయి కూర్చుంటుంది. ఆ తర్వాత అలసిపోయినట్టు వంగి, ఏటవాలుగా, ఏ తొందరా లేకుండా చివరిదాకా సాగుతుంది.

కుక్కల ఆలనాపాలనా చూసే రెడ్డెమ్మ ఆ పటాన్ని పంచాంగం చూసినట్టు చూసేది. ఏ కుక్కయినా తనను సాకే మనిషి వయసును అందుకున్న రోజుకు ‘సరివయసు’ అని పేరు పెట్టింది. ఆ రోజు రొట్టె కాల్చి సగం కుక్కకు, సగం ఆ మనిషికి పెట్టేది. ఆ పూటకు ఇద్దరూ తోటివాళ్ళు. తెల్లవారితే కుక్క పెద్దది. ఇక దాన్ని కాలితో జరపకూడదు. దానికి పెట్టకుండా ముందు తినకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, దాన్ని ‘ఒసే’ అనకూడదు.

“నిన్నటిదాకా మీ బిడ్డ మేడమ్. ఈ పొద్దు మీ ఈడుది. రేప్పొద్దున్నించి పెద్దమ్మ. ఇంక మర్యాదగా ఉండాల మీరు,” అని రెడ్డెమ్మ సగం రొట్టె నీరజ చేతిలో పెట్టింది.

నీరజ నవ్వేసింది. రొట్టె తిన్నది గాని జొన్నను ‘నువ్వు’ అనడం మానలేదు. తను పెంచిన పిల్ల తనకు పెద్దమ్మ ఎలా అవుతుంది?

నీరజ భర్త సుదర్శనం పోయిన మూడో వారంలో జొన్న వచ్చింది. కల్వర్టు కింద ఒంటరిగా దొరికిన పిల్లను రెడ్డెమ్మ కొంగులో చుట్టుకొచ్చి నీరజ బల్ల మీద పెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. జొన్నకంకి రంగు, గుప్పెడు బరువు. ఆ రోజుల్లో నీరజను చూసినవాళ్ళంతా ఒకటే మాట అనేవాళ్ళు. “ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి, మహా గట్టి మనిషి.” నీరజ కూడా అది నిజమేననుకుంది. కళ్ళలో నీళ్ళు రాలేదు, గొంతు వణకలేదు. కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం సాయంత్రమైపోయేది. మధ్యలో ఏం జరిగిందో తెలిసేది కాదు.

*

జొన్నకు తొమ్మిదేళ్ళు వచ్చాయి. రక్తపరీక్ష దాని వయసు మనిషి లెక్కలో అరవై ఆరని చెప్పింది. నీరజకు యాభై ఆరు. జొన్న గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదనీ, ఏడాది, మహా అయితే ఏడాదిన్నర పైచిలుకు బతుకుతుందనీ విభాగాధిపతి వరదరాజులు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. గోడ మీది పటం తీసి బల్ల మీద పరిచాడు.

ఆయన పదేళ్ళుగా ఒక మందు మీద పనిచేస్తున్నాడు. గుండె, ఊపిరి, అరుగుదల, మెదడు, ఇలా ఒంట్లో జరిగే పనులన్నిటినీ ఒకే పాళ్ళలో ఎనిమిదో వంతుకు తగ్గించే మందు. ఏ ఒక్కటి వెనకబడినా, ఏ ఒక్కటి ముందుకు ఉరికినా ప్రాణానికే ముప్పు. అన్నీ కలిసి ఒకే నడక నడిస్తే మాత్రం, ఎనిమిదేళ్ళ కాలంలో ఒక్క ఏడాది వయసే ఖర్చవుతుంది. కాగితాల మీద దానికి పొడుగాటి పేరు ఉంది. రెడ్డెమ్మ ‘నిదానం సూది’ అంది. ఆ పేరే నిలిచింది.

వరదరాజులు పెన్సిల్‌తో జొన్న గీతను పొడిగించాడు. మందిచ్చిన చోటునుంచి అది దాదాపు పడుకున్నట్టు సాగింది. దాని కింద ఇంకో గీత గీశాడు, సూటిగా పైకి. “ఇది మీది నీరజగారూ. ఏడాదికి ఏడాది పెరిగే గీత.” రెండు గీతలూ ఒకచోట కలిశాయి. అక్కడ చుక్క పెట్టాడు. “పన్నెండున్నర ఏళ్ళు. అప్పటికి మీకు అరవై ఎనిమిదిన్నర. జొన్నకూ అంతే.”

శాస్త్రం తెలిసిన మనిషిగా నీరజ అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఆమె ఒక్కటే అడిగింది.

“ఎప్పుడు మొదలుపెడదాం సార్?”

సంగతి విన్న రెడ్డెమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. “రెండో పెండ్లి ఇన్నాను గానీ, రెండో సరివయసు యాడా ఇనలేదు మేడమ్!”

*

జొన్నను విభాగం చివరి గదిలో ఉంచారు. ఒళ్ళు చల్లబడకుండా కింద వెచ్చటి పరుపు, గోడకు బొమ్మా చప్పుడూ పట్టే ఒక కెమెరా. కుక్కల ప్రవర్తనను గమనించి రాయడం నీరజ ఉద్యోగం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పది పది నిమిషాలు వెళ్ళేది. నాడి చూసేది. నిమిషానికి ఎనభై ఎనిమిది కొట్టుకున్న గుండె ఇప్పుడు పదకొండు కొట్టుకుంటోంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య నీరజ ఊపిరి బిగబట్టేది. తల నిమిరి, “మళ్ళీ వస్తా” అని చెప్పి, పుస్తకంలో ‘స్వభావం’ అన్న గడిలో ‘ప్రశాంతం’ అని రాసేది.

ఆరు నెలలు గడిచాయి. జొన్న వయసు మూడు వారాలు పెరిగింది. మూతి మీది నెరుపు ఉన్నంతలోనే ఉంది. గుండె మరింత చెడలేదు. రోజుకు మూడు చొప్పున పుస్తకం నిండా ప్రశాంతం, ప్రశాంతం, ప్రశాంతం. రాస్తున్నప్పుడు నీరజకు ఒక తృప్తి కలిగేది. ఇంట్లో ఖాళీగా ఉన్న జొన్న గోనెపట్టా చూసినప్పుడు మాత్రం, ఆ తృప్తి కింద ఏదో కదిలేది. ఇదంతా దాని మంచికే గదా అనుకునేది. అప్పుడు అది కదలడం మానేది.

వచ్చే మంగళవారం అనుమతి సంఘం సమావేశం. మొదటి విడతలో నలభై ఇళ్ళ కుక్కలకు మందివ్వాలని వరదరాజులు కోరుతున్నాడు. ముసలి కుక్కలున్నవాళ్ళ నుంచి ఉత్తరాలు సంచుల కొద్దీ వచ్చాయి. ఇక కావలసింది నీరజ నివేదిక ఒక్కటే.

జొన్న ఉన్న గదిలో ఇబ్బంది ఒక్కటే ఉండేది. ఉండుండి ఒక మోత వచ్చేది. గుయ్యిమని, నేలలోంచి వస్తున్నట్టు, ఏ మూలనుంచో తెలియకుండా. కరెంటు మనిషి మస్తాన్ వచ్చి ఫ్యాను విప్పి బిగించాడు. మోత పోలేదు. కొత్త ఫ్యాను పెట్టాడు. పోలేదు. పక్కగదిలోని ఫ్రిజ్‌ను అవతలి గోడకు జరిపాడు.

“ఇంక నన్ను పిలవొద్దు సార్, ఎవరన్నా సామిని పిలిపించండి,” అని మస్తాన్ సామాను సర్దుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం నీరజ అన్నం తింటుంటే రెడ్డెమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె అలా నిలబడితే ఏదో ఉన్నట్టే.

“మేడమ్, ఆ మోత మీరెప్పుడన్నా ఇన్నారా?”

“మీరంతా చెప్తుంటే వినడమే. నేనున్నప్పుడు ఎప్పుడూ రాలేదే.”

“అదే నేను చెప్పేది. మీరుండంగా రాదు. మీరు పోయి తలుపేసిన కాసేపటికి వస్తాది. పొద్దన్నా అంతే, సాయంత్రమన్నా అంతే. వారం నించి చూస్తా ఉండాను.” రెడ్డెమ్మ గొంతు తగ్గించింది. “ఫ్యానుకేం తెలుసు మేడమ్, మీరు పోయిన సంగతి?”

నీరజ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

*

కెమెరాలో ఆరు నెలల బొమ్మలు ఉన్నాయి. రోజూ చూసినవే. కానీ చూసినదంతా మనుషుల నడకలో చూశారు. పడుకున్న కుక్క పడుకునే ఉంటే, ఎవరు మాత్రం ఎంతసేపు చూస్తారు? నీరజ మొదటిసారి ఎనిమిది రెట్ల వేగం పెట్టింది. జొన్న కాలంలో చూడటానికి.

తెర మీద జొన్న బతికింది. చెవి విదిలించింది, ఒళ్ళు విరుచుకుంది, పరుపు మీద గుండ్రంగా తిరిగి పడుకుంది. అచ్చం ఇంట్లో ఉన్నట్టే. తలుపు తెరుచుకుంది. ఏదో ఒకటి ఈగలా దూరి, జొన్న మీద వాలి, తల మీద టపటపా కొట్టి, గోడ దగ్గర గిరగిరా తిరిగి, మాయమైంది. జొన్న మెడ కుంచించుకుంది. ఆ ఈగ తనేనని తెలియడానికి నీరజకు కొంతసేపు పట్టింది. ఆ టపటపలు తను ప్రేమగా తల నిమరడం.

జొన్నకు వాసన ఆలస్యంగా అందింది. ముక్కు ఎగరేసింది. తోక కదిలింది. ముసలి కాళ్ళను కూడదీసుకుని లేచింది. అది లేచి నిలబడేసరికి తలుపు మూసి ఉంది. తలుపు దగ్గరకు వెళ్ళి సందులో ముక్కు పెట్టింది. నీరజ కూర్చున్న స్టూలును వాసన చూసింది. మళ్ళీ తలుపు. అప్పుడు మెడ పైకెత్తి, నోరు సన్నగా తెరిచింది.

ఎనిమిది రెట్ల వేగంలో మోత మోతలా లేదు. జొన్న ఏడుస్తోంది. నీరజ ఊరికి వెళ్ళినప్పుడల్లా పక్కింటివాళ్ళు చెప్పిన ఏడుపు. అదే ఎత్తు, అదే చివర విరుపు. దాన్ని ఆపడానికి ఇక్కడ ఫ్యాను మార్చారు.

పక్కన నిలబడి చూస్తున్న రెడ్డెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నీరజ పుస్తకం తెరిచి చూసింది. ఆ రోజు గడిలో తన చేతిరాతతోనే, గుండ్రంగా, తప్పులేకుండా ఉంది. ప్రశాంతం.

ఆ మాటను ఆమె చాలాసేపు చూసింది. తొమ్మిదేళ్ళ కిందట తన గురించి అందరూ అన్నది కూడా ఈ మాటే. అప్పుడు తను ఏడ్వలేదని కాదు. తన ఏడుపు కూడా ఎవరికీ అందనంత నిదానంగా వచ్చి ఉంటుంది. కదలని మనిషిని చూసి వాళ్ళు రాశారు, కదలని కుక్కను చూసి తను రాసింది. తనను చూసి రాసినవాళ్ళకు వేరే దారి లేదు. తనకు ఉంది. వేగం మార్చి చూస్తే చాలు. ఆరు నెలలుగా మార్చలేదంటే, చూడకూడదని మనసులో ఎక్కడో అనుకునే ఉండాలి.

*

వరదరాజులు ఆ బొమ్మను మూడుసార్లు చూశాడు. మూడోసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“మందు పనిచేసింది నీరజగారూ.”

“చేసింది సార్. దానికి కాదు, మనకు. పన్నెండేళ్ళు పెరిగేది నా కాలం. దాని లెక్కలో అదే ఏడాదిన్నర. మందు లేకున్నా దానికున్నది ఆ ఏడాదిన్నరే. గుండె అన్నిసార్లే కొట్టుకుంటుంది. మనం దానికి ఒక్క పూట కూడా ఎక్కువ ఇవ్వలేదు. ఉన్న పూటల్లోంచి నన్ను తీసేశాం.”

ఆయన కిటికీ బయట ఎవరో కుక్కలకు నీళ్ళు పోస్తుంటే చూశాడు. చివరికి, “ఆపితే మాత్రం ఏడాదిన్నరే,” అన్నాడు. “మీరు సంఘానికి ఏం రాసినా నేను అడ్డుపడను. కానీ జొన్న సంగతి మీరొక్కరే తేల్చాలి. మీ కుక్క.”

నీరజ బయటికి వచ్చి, మళ్ళీ గోడకు ఎక్కిన పటం ముందు నిలబడింది. పెన్సిల్ చుక్క ఇంకా అక్కడే ఉంది. ఆరు నెలలుగా ఆ చుక్క ఆమెకు పొద్దున లేవడానికి ఒక కారణం. ఇద్దరు ముసలివాళ్ళు, ఒక వరండా, పక్కపక్కన. ఆ చుక్క చెరిపేస్తే మిగిలేది ఏమిటో ఆమెకు తెలుసు. గోనెపట్టా, కుర్చీ, మధ్యాహ్నం సాయంత్రమైపోవడం.

తేల్చే ముందు జొన్నను ఒకసారి కలవాలనిపించింది. నిజంగా కలవాలి. దాని కాలంలో.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి ఆమె ఆ గదిలో స్టూలు తీసేసి కుర్చీ వేసుకుని కూర్చుంది. సాయంత్రం అయిదు దాకా లేవనని రెడ్డెమ్మకు చెప్పింది. మనకు ఎనిమిది గంటలు, జొన్నకు ఒక్క గంట. ఫోను లేదు, పుస్తకం లేదు. కదలకూడదు. కదిలితే ఈగ అయిపోతుంది.

“దేవుడికి మొక్కినట్టు కూర్చుంటారా ఏంది,” అని గొణుక్కుంటూ రెడ్డెమ్మ తలుపు వేసింది.

మొదటి పావుగంట ఏమీ జరగలేదు. తర్వాత జొన్న ముక్కు కదిలింది. కనురెప్పలు పొద్దు పొడిచినట్టు లేచాయి. అది నీరజను చూసింది. చూస్తూనే ఉంది. ఈ ఆకారం ఇంకా ఇక్కడే ఉందా, ఎగిరిపోలేదా అన్న అనుమానం ఆ చూపులో కరగడానికి కొన్ని నిమిషాలు పట్టింది. అప్పుడు లేవడం మొదలుపెట్టింది. ముందుకాళ్ళు. ఆగడం. నడుము. వెనక కాళ్ళు. నాలుగు గజాల గది దాటడానికి జొన్నకు పదకొండు నిమిషాలు పట్టింది. ఒక్కో అడుగు గాలిలో లేచి, నిలిచి, నేలను తాకేది. నీరజకు ముక్కు దురద పెట్టింది, మెడ పట్టేసింది, కాలు తిమ్మిరెక్కింది. లేచి ఎదురెళ్ళి ఎత్తుకోవాలన్న తొందర ఒళ్ళంతా పాకింది. బిగపట్టుకుంది.

జొన్న వచ్చి గడ్డం ఆమె మోకాలి మీద పెట్టింది. ఆ బరువు ఒక్కసారిగా రాలేదు, సాయంకాలం నీడలా కొంచెం కొంచెంగా దిగింది. నాలుక ఆమె అరచేతిని ఒక చివరనుంచి ఇంకో చివరకు నాకింది. ఆ ఒక్క నాకుడు ఎంతసేపు సాగిందో నీరజ లెక్కపెట్టలేదు. గరుకూ వెచ్చదనమూ ఒక్కొక్కటిగా తెలిశాయి. ఇంతకాలమూ ఇంత ఉందా దానిలో, అనుకుంది.

మధ్యాహ్నం రెడ్డెమ్మ చప్పుడు చేయకుండా వచ్చి సంగటి ముద్దలు నోట్లో పెట్టి వెళ్ళింది. నడుము మంట పుట్టింది. ఆ మంటలోనే నీరజకు ఒక సంగతి అర్థమైంది. ఇంకొకరి కాలంలో ఒక్కరోజు కూర్చోవడానికే తనకింత కష్టమైతే, జొన్న తొమ్మిదేళ్ళు కూర్చుంది.

ఇన్నాళ్ళూ తను జొన్నకు తొమ్మిదేళ్ళు ఇచ్చాననుకుంది. యాభై ఆరులో తొమ్మిది. జొన్న ఇచ్చింది అలాంటిది కాదు. దాని బాల్యమంతా ఒకే ఒక్క ఏడాది, ఆ ఏడాది తన బల్ల కింద గడిపింది. దాని పడుచుదనం రెండేళ్ళు, అది తన గేటు దగ్గర గడిపింది. తను ఆఫీసుకు వెళ్ళి సాయంత్రం వచ్చేది, తనకది ఒక పని దినం. పది, పదకొండేళ్ళ బతుకులోంచి కోసి ఇచ్చిన ముక్కగా చూస్తే, జొన్నకది ఎన్ని రోజులో! ఒక్క సాయంత్రమైనా ఇంత ఆలస్యమేమని అడగలేదు. గేటు చప్పుడైతే తోక ఊపింది.

అంతకుముందు ఇంకొకటి జరిగింది. సుదర్శనం పోయాక తనకు ఎవరూ వేయకుండానే నిదానం సూది పడింది. మనుషులందరూ ఈగల్లా వచ్చి, పరామర్శించి, మాయమయ్యారు. ఒక గుప్పెడు పిల్ల మాత్రం వెళ్ళలేదు. అంత తొందరగా పెరిగే ప్రాణి, ఒక్కరోజు వృథా చేసుకోలేని ప్రాణి, తను కుర్చీలోంచి లేచేదాకా తన కాళ్ళ దగ్గరే ఉంది. ఆకలని, వాన వచ్చిందని, బయటికి పోదామని చీరంచు పట్టుకుని లాగింది. తను లేచేనాటికి ఆ పిల్ల పెద్దదైపోయింది. చిన్నతనమంతా తనను లేపడానికే ఖర్చు పెట్టింది.

అయిదయ్యేసరికి జొన్న ఆమె పాదం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆ రోజు మోత రాలేదు.

నీరజ పాదం జరపకుండానే పుస్తకం అందుకుంది. వెనక పేజీల్లోని ప్రశాంతాలన్నిటినీ కొట్టేయడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు గడిలో కొత్తమాట రాసింది. ‘కలిసింది.’

*

మంగళవారం సంఘం ముందు ఆమె మాట్లాడిందేమీ లేదు. బొమ్మ వేసింది, వేగం పెంచింది, గొంతు వినిపించింది. నలభై కుక్కల సంగతి ఆ గదిలోనే ఆగిపోయింది. సంచుల కొద్దీ ఉత్తరాలకు వరదరాజులే కూర్చుని జవాబులు రాశాడు. తర్వాత ఆ మందును ఒకటి రెండు గంటల మట్టుకు, నెత్తురు ఎక్కువ పోయే ఆపరేషన్లప్పుడు వాడటం మొదలుపెట్టాడు. దానివల్ల ఎన్నో కుక్కలు బతికాయి. ఆయన పదేళ్ళు వృథా కాలేదని నీరజ సంతోషించింది.

సూది ఆపిన మూడో రోజు పొద్దున, ఆమె గదిలో అడుగు పెడుతుండగానే నేల మీద చప్పుడైంది. టప్, టప్, టప్. జొన్న తోక.

వెనకాలే రెడ్డెమ్మ రొట్టె పట్టుకుని వచ్చింది. “ఏం పెద్దమ్మా, యాడికి పోయినారు ఇన్నాళ్ళు, మా మేడమ్‌ను ఒంటిగా ఇడిసిపెట్టి?”

“పోయింది ఆమె కాదులే రెడ్డెమ్మా,” అంది నీరజ. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. గట్టిగా, చప్పుడుతో, అందరికీ అందే వేగంతో.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. నీరజ ఇప్పుడు మధ్యాహ్నం కూడా ఇంటికి వస్తుంది. జొన్న గుండె మందులు మింగుతుంది, రెండు మెట్లెక్కి ఆయాసపడుతుంది. ఇంకెన్నాళ్ళో వరదరాజులు చెప్పడు, ఆమె అడగదు.

నిన్న సాయంత్రం రెడ్డెమ్మ కూడా బండి మీద వెనక కూర్చుని వచ్చింది. గేటు ముందు బండి ఆపగానే వరండాలో గోనెపట్టా మీద చెవులు నిక్కాయి. జొన్న లేవడం మొదలుపెట్టింది. ముందుకాళ్ళు. ఆగడం. నడుము. ఈ నిదానం ఏ సూదిదీ కాదు, దాని సొంతం. మెట్టు దిగి, ఆగి, వాకిట్లోకి అడుగు వేసింది.

నీరజ గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడింది. తియ్యలేదు.

“పిలవండి మేడమ్, బెరీన వస్తాది,” అంది రెడ్డెమ్మ.

“వద్దు. రానీ.”

వాకిలంతా ఎండ చల్లబడుతోంది. జొన్న నడుమ ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. ఎదురుచూడటం ఎంత పనో నీరజకు ఇప్పుడు తెలుసు. దాన్ని ఇన్నేళ్ళు ఎవరు చేశారో కూడా తెలుసు. ఆ పని ఇవాళ తన వంతుకు వచ్చినందుకు ఆమెకు సంతోషంగా ఉంది.

జొన్న వచ్చి, గేటు ఊచల మధ్యనుంచి తడి ముక్కు ఆమె అరచేతికి ఆనించింది.

“వచ్చారా పెద్దమ్మా?” అంది నీరజ.

అప్పుడు గేటు తీసింది.